ఉప్పునీటి ఉత్తరాలు: మెత్తని పగడాలు, మొండి అలకలు

ఉత్తరాల కట్ట విప్పగానే తెలిసిపోయింది, ఈ నెలంతా సాఫ్ట్ కోరల్స్‌దే. గట్టి పగడాలు పెంచేవాళ్లు నన్ను కాల్షియం లెక్కలు అడుగుతారు. మెత్తని పగడాలు పెంచేవాళ్లు మాత్రం ఇంట్లో మనిషి గురించి అడిగినట్టు, "నిన్నటి నుంచి ముఖం చాటేసింది, ఏం చేయమంటారు?" అని రాస్తారు. 31 ఏళ్లు బడిలో రసాయనశాస్త్రం చెప్పినదాన్ని, లెక్కలంటే నాకు భయం లేదు. అయినా రెండో రకం ఉత్తరాలనే ఇష్టంగా చదువుతాను. నా 300 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం తొట్టిలో 14 ఏళ్లుగా ఒక టోడ్‌స్టూల్ లెదర్, అంటే పుట్టగొడుగు ఆకారపు మెత్తని పగడం, ఉంది. పేరు హెడ్మాస్టరు. ఆయన ముడుచుకున్న రోజున మా ఇంట్లో అందరం గొంతు తగ్గించి మాట్లాడుకుంటాం.

ప్రశ్న: మేడమ్, మూడు వారాల క్రితం టోడ్‌స్టూల్ లెదర్ ఒకటి తెచ్చాను. మొదటి వారం పువ్వులా విచ్చుకుంది. తరువాత పాలిప్స్ (పువ్వుల్లా కనిపించే చిన్న చిన్న నోళ్లు) అన్నీ లోపలికి లాక్కుని తొమ్మిది రోజులుగా తోలు బంతిలా కూర్చుంది. పైన మైనం పూసినట్టు మెరుస్తోంది. లైటుకు దగ్గరగా జరిపాను, మళ్లీ కిందికి దించాను, అయోడిన్ చుక్కలు వేశాను, నిన్న ఇంకో మూలకు మార్చాను. చచ్చిపోతోందా?

జవాబు: లేదు, కుబుసం విడుస్తోంది. టోడ్‌స్టూల్, దాని చుట్టాలైన సార్కోఫైటన్ పగడాలన్నీ చేసే పనే ఇది. ఒకేచోట పాతుకుపోయిన జీవి, ఒంటి మీద పడిన మడ్డినీ మొలిచిన నాచునూ ఎలా వదిలించుకోవాలి? పలచని మైనపు పొర ఒకటి స్రవిస్తుంది. మురికంతా ఆ పొరకే అంటుకుంటుంది. తరువాత ఆ పొరను ప్రవాహానికి అప్పగించేస్తుంది. ఈ పని సాగినంత కాలం పాలిప్స్ బయటికి రావు. రెండు మూడు రోజుల్లో ముగియవచ్చు, రెండు వారాలూ పట్టవచ్చు. హెడ్మాస్టరు ఏడాదికి నాలుగైదుసార్లు కుబుసం విడుస్తాడు. నా నోటుపుస్తకంలో నమోదైన అతి పొడవైన అలక 19 రోజులు. ఇరవయ్యో రోజు ఉదయం ఏమీ జరగనట్టు విచ్చుకుని కూర్చున్నాడు. ఆ 19 రోజుల్లో నేను రాసుకున్న రాతలు చదివితే ఇప్పుడు నాకే సిగ్గుగా ఉంటుంది.

మీ పగడానికి ఇప్పుడు కావలసింది ఒక్కటే, దాని తల మీదుగా నీరు కదలడం. పొర ఊడిపోవడానికి ఆసరా ప్రవాహమే. అలాగని పంపును నేరుగా దాని మీదికి గురిపెట్టకండి. ఎదుటి అద్దానికి కొట్టి చెదిరి వచ్చే ప్రవాహం మంచిది. పొర సగం ఊడి వేలాడుతుంటే పెద్ద పిప్పెట్‌తో కాస్త దూరం నుంచి నీరు చిమ్మవచ్చు. వేళ్లతో మాత్రం పీకకండి, కింద ఉన్న కణజాలం ఇంకా పచ్చిగా ఉంటుంది.

ఇక మీరు చేసిన సహాయాల సంగతి. లెదర్ పగడం తన తిండిలో పెద్ద వాటా తన కణజాలంలో కాపురముండే జూజాంతెల్లే అనే సూక్ష్మ శైవలాల నుంచి తీసుకుంటుంది. అవి వెలుతురుతో వండి పెడతాయి, ఇది తింటుంది. చోటు మారినప్పుడల్లా ఆ శైవలాలు కొత్త వెలుతురుకు అలవాటు పడాలి, దానికి వారాలు పడుతుంది. మీరు మూడు వారాల్లో మూడు చోట్లు చూపించారు. నెలకు మూడు ఇళ్లు మారిన కుటుంబం వంట మొదలుపెట్టేదెప్పుడు? తొట్టి ఎత్తులో నడిమి భాగాన ఒక రాయి చూసి, దాని మీద కూర్చోబెట్టి, చేతులు కట్టుకోండి. వెలుతురు కొలిచే మీటరు అందుబాటులో ఉంటే ఆ చోట పార్ (శైవలాలు వాడుకోగల వెలుతురు కొలత) విలువ 80 నుంచి 150 మధ్య ఉండేలా చూడండి. అయోడిన్ ఆపేయండి. క్రమం తప్పకుండా నీరు మారుస్తుంటే ఉప్పు మిశ్రమంలో వచ్చేదే చాలు. కొలవకుండా వేసే చుక్కల విషయంలో కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన కథే జరుగుతుంది.

కుబుసానికీ కుళ్లుకూ తేడా తెలియాలి. కుబుసం విడిచే పగడం ముడుచుకున్నా గట్టిగా నిలబడి ఉంటుంది. కుళ్లేదైతే కాడ మొదట్లో నల్లగానో గోధుమ రంగులోనో మచ్చ కనిపిస్తుంది, కణజాలం జిగురుగా రాలుతుంది, నీటి నుంచి బయటికి తీస్తే వాసనే చెప్పేస్తుంది. అలాంటప్పుడు మాత్రం ఆగకూడదు, చెడిన భాగాన్ని మంచి కండ దాకా కోసేయాలి.

ఇంకో అనుమానం. మీ తొట్టిలో క్లౌన్ చేప ఉందా? సీ అనిమోన్ దొరకని క్లౌన్ చేపలు లెదర్ పగడాన్నే ఇల్లుగా చేసుకుని రోజంతా దాని మీద దొర్లుతుంటాయి. పెద్ద పగడం ఓర్చుకుంటుంది, చిన్నది ముడుచుకుంటుంది. లైట్లు ఆరిన గంట తరువాత ఎర్ర టార్చితో కూడా ఒకసారి చూడండి. కాడ మొదట్లో పగడం రంగులోనే ఉండే న్యూడిబ్రాంక్‌లు (గుల్ల లేని సముద్రపు నత్తలు) మేస్తుంటే పగలు కనిపించవు.

ప్రశ్న: నా పరీక్షల్లో అంకెలన్నీ చక్కగా ఉన్నాయి. ఉప్పదనం వెయ్యికి 35, క్షారత 8 డీకేహెచ్, ఉష్ణోగ్రత 25 డిగ్రీలు. అయినా ఒక్క పగడమూ పూర్తిగా విచ్చుకోదు. కెన్యా ట్రీ పగడం కూడా తల వేలాడేసింది. లోపం ఎక్కడుందో దొరకడం లేదు.

జవాబు: కెన్యా ట్రీ మొండిది. తెగిపడిన కొమ్మ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ మొలిచే రకం. అది తల వేలాడేసిందంటే మీ అంకెల్లో ఒకటి అబద్ధం చెబుతోంది. నా అనుమానం ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ మీద.

ఎందుకంటే నేనూ ఆ గోతిలో పడ్డాను. రసాయనశాస్త్రం టీచరును కదా, పరికరాన్ని శ్రద్ధగా స్వేదనజలంతో సున్నాకు సరిచేసుకుని, ఏడు నెలలు 35 అని రాసుకున్నాను. ఒక స్నేహితురాలు సముద్రపు నీటి ఉప్పదనంతోనే తయారైన ప్రామాణిక ద్రావణం తెచ్చింది. 35 చూపించాల్సిన ఆ ద్రావణానికి నా పరికరం 38 చూపించింది. అంటే నేను 35 అనుకున్న నీటిలో ఉన్నది 32. ఆమె నవ్వలేదు, అదే ఎక్కువ బాధ.

ఎందుకు జరుగుతుందో చెబుతాను. చౌక రిఫ్రాక్టోమీటర్లు చాలావరకు వంట ఉప్పు ద్రావణం కోసం గీసినవి. సముద్రపు నీటిలో సోడియం క్లోరైడే కాదు, మెగ్నీషియం, సల్ఫేట్, కాల్షియం కూడా ఉంటాయి. అది కాంతిని వంచే తీరు కాస్త వేరు. పైగా సున్నా దగ్గర సరిగ్గా ఉన్న పరికరం 35 దగ్గర కూడా సరిగ్గా ఉండాలన్న నియమం లేదు. కొలవాల్సిన చోటే సరిచేసుకోవాలి. 35 ప్రామాణిక ద్రావణంతో సరిచేసి మళ్లీ కొలవండి. ఊగే ముల్లు ఉన్న ప్లాస్టిక్ హైడ్రోమీటర్ వాడుతుంటే ముల్లుకు గాలి బుడగలు అంటుకున్నాయేమో చూసుకోండి. విశిష్ట సాంద్రతలో కొలిచేవాళ్లు 25 డిగ్రీల దగ్గర 1.026 గుర్తుపెట్టుకుంటే చాలు.

తేడా బయటపడిందని ఒక్కరోజులో ఉప్పు గుమ్మరించకండి. ఆవిరైన నీటికి బదులు కొన్నాళ్లు మంచినీటి స్థానంలో ఉప్పునీరే పోస్తూ, రోజుకు ఒక పాయింటుకు మించకుండా పెంచండి. ఆ లెక్క కుదిరాక తిరిగి మంచినీటికి వచ్చేయాలి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. ఈ సంగతి అందరికీ తెలుసు, అయినా సెలవుల నుంచి తిరిగి వచ్చినవాళ్ల ఉత్తరాల్లో సగం దీని గురించే.

ఉప్పదనం సరిగ్గానే ఉంటే లోహం కోసం వెతకండి. పంపు అయస్కాంతం మీద పైపూత పగిలి తుప్పు పట్టిందా? గొట్టానికి ఇనుప బిగింపు ఉందా? తొట్టిని పాతది కొన్నారా? అంతకుముందు అందులో చేపల జబ్బుకు రాగి మందు వాడి ఉంటే రాళ్లు ఆ రాగిని పీల్చుకుని నెలల తరబడి మెల్లగా వదులుతూ ఉంటాయి. చేపలు ఓర్చుకునే రాగి మోతాదు పగడాలకు విషం.

ప్రశ్న: పెద్ద స్కిమ్మర్ (నురగతో మురికిని లాగే పరికరం) పెట్టాను, ఫాస్ఫేట్ పీల్చే గుళికలు కూడా వాడుతున్నాను. నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా. నీరు అద్దంలా ఉంది. కానీ మష్రూమ్ పగడాలు చిన్నబోయాయి, లెదర్ పాలిపోయింది, ఇసుక మీద బుడగలతో గోధుమరంగు జిగురు సాగుతోంది.

జవాబు: నీరు అద్దంలా ఉంది, నిజమే. కంచం కూడా అద్దంలాగే ఉంది.

మనందరికీ మొదట్లో ఎవరో ఒకరు నేర్పిన పాఠం ఇది: నైట్రేట్ శత్రువు, ఫాస్ఫేట్ శత్రువు. ఆ పాఠాన్ని పూర్తిగా మరిచిపోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. జూజాంతెల్లే మొక్కల్లాంటివే. నత్రజని, భాస్వరం లేకుండా బతకలేవు. రెండూ సున్నాకు పడిపోతే అవి తగ్గిపోతాయి, పగడం రంగు వెలుస్తుంది, కండ కరుగుతుంది. "సముద్రంలో పగడపు దిబ్బల దగ్గర కొలిస్తే నైట్రేట్ దాదాపు ఉండదు కదా?" అని మీరు అడగవచ్చు. ఉండదు. కానీ అక్కడ పగలూ రాత్రీ సూక్ష్మజీవుల ఊరేగింపు పగడం నోటి ముందు నుంచే సాగుతుంది. మన తొట్టిలో ఆ ఊరేగింపు లేదు. మీరు సముద్రం నుంచి పేదరికాన్ని మాత్రమే తెచ్చుకుని సంపదను అక్కడే వదిలేశారు.

ఆ గోధుమరంగు జిగురు బహుశా డైనోఫ్లాజెల్లేట్లు. నీటిలో పోషకాలు సున్నాకు పడిపోయి, పోటీకి వచ్చే మామూలు నాచు, సూక్ష్మజీవులు బలహీనపడ్డ తొట్లలో ఇవి విజృంభిస్తాయి. చిన్న సూక్ష్మదర్శిని ఉంటే ఒక చుక్క పెట్టి చూడండి. గుండ్రని కణాలు తమ చుట్టూ తాము తిరుగుతూ కనిపిస్తే సందేహం తీరిపోతుంది.

గుళికలు తీసేయండి. స్కిమ్మర్‌ను రాత్రిపూట మాత్రమే నడపండి. చేపలకు మేత కాస్త పెంచండి. చేప తిని విసర్జించినదే పగడానికి చేరుతుంది, అంతకంటే మంచి ఎరువు లేదు. నైట్రేట్ లీటరుకు 5 నుంచి 15 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మిల్లీగ్రాములు ఉంటే మెత్తని పగడాలు హాయిగా ఉంటాయి. ఒక నెల పట్టనివ్వండి. ఇసుకను చేతితో కలపవద్దు.

ప్రశ్న: అమ్మా, నా జీనియా పగడం కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఆగిపోయింది. చేతులు తెరిచి అలాగే ఉంటోంది. ఇంతకుముందు గుండెలా కొట్టుకునేది. జబ్బా?

జవాబు: తెరుచుకునే ఉంది, రంగు ఉంది, పెరుగుతోంది అంటే జబ్బు అనుకోను. జీనియా ఎందుకు కొట్టుకుంటుందో ముందు చెబుతాను, నాకు ఎంతో ఇష్టమైన సంగతి అది. ఎర్ర సముద్రంలో ఉండే దాని దగ్గరి చుట్టం హెటెరోజీనియా మీద చేసిన అధ్యయనం ఒకటి 2013లో వెలువడింది. చాలా పగడాల్లో లాగే దాని శైవలాలూ ఎండలో ఆక్సిజన్ విడుస్తాయి. ఆ ఆక్సిజన్ కణజాలం చుట్టూ పేరుకుంటే కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకోవాల్సిన ఎంజైము పొరపాటున ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, వంట మందగిస్తుంది. చేతులు ముడిచి తెరిచే ఆ కదలిక పాత నీటిని తోసేసి కొత్త నీటిని రప్పిస్తుంది. కదలిక ఆగితే కిరణజన్య సంయోగక్రియ తగ్గుతుందని కొలిచి చూపించారు. అంటే మనం ముచ్చటపడే ఆ నాట్యం నిజానికి వంటింటి కిటికీ తెరవడం.

కాబట్టి మీ తొట్టిలో ఈ మధ్య ఏం మారింది? కొత్త పంపు పెట్టారా? ప్రవాహం బలంగా ఉన్నచోట జీనియా కొట్టుకోవడం తగ్గించడం నేను చాలాసార్లు చూశాను. పంపు దిశ కాస్త మార్చి ఒక వారం గమనించండి. పైగా జీనియా పేరుతో అమ్మేవన్నీ కొట్టుకునే జాతులు కావు, మీది ఇంతకుముందు కొట్టుకునేది కాబట్టి ఆ అనుమానం లేదు. ముడుచుకుని, కాడ పలచనై, కొనలు కరుగుతుంటే మాత్రం సంగతి వేరు. జీనియా కరగడం మొదలుపెడితే గుత్తులకు గుత్తులు రెండు రోజుల్లో పోతాయి. వెంటనే మంచి గుత్తిని రాయితో సహా వేరుచేసి, మిగిలినదాన్ని సైఫన్‌తో లాగేయండి, లేకపోతే అది కుళ్లి మొత్తం నీటిని పాడుచేస్తుంది.

మీరు అడగకపోయినా ఇంకో మాట. జీనియాకు ఒంటరి రాయి ఇవ్వండి, చుట్టూ కనీసం నాలుగు వేళ్ల వెడల్పు ఖాళీ ఇసుక ఉండాలి. వెనుక అద్దం ఎక్కిందంటే దించడం మన తరం కాదు. ఎక్కువైనదాన్ని ఎవరికైనా ఇవ్వండి, లేదా ఎండబెట్టి పారేయండి. సముద్రంలోగానీ కాలువలోగానీ వదలకండి. జీనియా కుటుంబానికే చెందిన యునోమియా స్టోలోనిఫెరా అనే ఇండో పసిఫిక్ పగడం వెనిజులా తీరంలో స్థానిక పగడాల మీద దుప్పటిలా పరుచుకుంది. అక్వేరియం వ్యాపారం ద్వారానే అది అక్కడికి చేరిందని శాస్త్రవేత్తల అభిప్రాయం.

ప్రశ్న: రాళ్ల నిండా అక్కరలేని గోధుమరంగు పాలిథోవాలు పెరిగాయి. రాయి తీసి మరిగే నీటిలో వేస్తే చస్తాయని మిత్రుడు చెప్పాడు. వేయవచ్చా?

జవాబు: వేయకండి. ఈ పేజీలో ఇంకేమీ చదవకపోయినా ఇది చదవండి.

పాలిథోవా, జొవాంథస్ పగడాలను సాఫ్ట్ కోరల్స్‌తో కలిపి అమ్ముతారు గానీ అవి వేరే వర్గం. అసలైన మెత్తని పగడానికి పాలిప్‌కు ఎనిమిది చేతులు, ఆ చేతులకు ఈకల్లా అంచులు ఉంటాయి. కొన్ని పాలిథోవాల్లో పాలిటాక్సిన్ ఉంటుంది. హవాయిలోని మావి దీవిలో హానా దగ్గర స్థానికులు ఈటెల మొనలకు పూసే విషంగా తరతరాలుగా చెప్పుకున్న పదార్థం ఇదే. 1971లో మూర్, షోయర్ అనే శాస్త్రవేత్తలు దాన్ని వేరుచేశారు. 129 కార్బన్ అణువుల ఆ మహా అణువు నిర్మాణం తేలడానికి ఇంకో పదేళ్లు పట్టింది. మన ప్రతి కణానికీ సోడియం, పొటాషియం అటూ ఇటూ తోసే పంపు ఒకటి ఉంటుంది. పాలిటాక్సిన్ ఆ పంపును తెరిచిన తూములా మార్చేస్తుంది. మరిగిస్తే ఈ విషం చావదు, ఆవిరితో పాటు గాలిలోకి లేస్తుంది. ఇలా రాళ్లు మరిగించి కుటుంబం మొత్తం ఆసుపత్రి పాలైన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి.

మరిగించడమే కాదు, వేడినీరు పోయడం, ఎండిన రాయిని బ్రష్‌తో గీకడం, నీటిని పిచికారీలా చిమ్మడం కూడా వద్దు. ఆ రాయి మొత్తాన్ని తొట్టి నుంచి తీసేయడమే నా సలహా. చేతికి పొడుగు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. చేతి మీద తెగిన గాయం ఉంటే ఆ రోజు పని మానుకోండి. తాకిన తరువాత నోట్లో చేదుగా లోహపు రుచి తగిలినా, దగ్గు, ఆయాసం, చలి జ్వరం వచ్చినా, కంట్లో మంట పుట్టినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లి పాలిటాక్సిన్ అన్న పేరు చెప్పండి. ఆ పేరు మీరు చెప్పకపోతే వాళ్లకు తట్టకపోవచ్చు.

ప్రశ్న: ఎర్రగా, గాజు కాడ మీద పూలగుత్తిలా ఉండే కార్నేషన్ కోరల్ చూశాను. నీడలో కూడా పెరుగుతుందట, లైటు అక్కర్లేదట. కొత్తవాళ్లకు సులువే కదా?

జవాబు: లైటు అక్కర్లేదు అన్నది నిజం. సులువు అన్నది పచ్చి అబద్ధం. దీని పేరు డెండ్రోనెఫ్తియా. దాని ఒంట్లో శైవలాలు లేవు, అంటే వండిపెట్టేవాళ్లు లేరు. ఎర్ర సముద్రంలోని డెండ్రోనెఫ్తియా వృక్షప్లవకాలను తిని బతుకుతుందని 1995లో తేలింది. ఆ సూక్ష్మమైన మేత గంట గంటకూ, పగలూ రాత్రీ, బలమైన ప్రవాహంలో అందుతూనే ఉండాలి. అంత మేత వేస్తే ఇంటి తొట్టి నీరు పాడవుతుంది, వేయకపోతే పగడం కొద్ది నెలల్లో చిక్కి శల్యమవుతుంది. నేను ఒకటి తెచ్చాను, 11 వారాలు బతికింది. రెండోది తేలేదు. అది కనిపించినప్పుడల్లా రెండు నిమిషాలు నిలబడి చూసి వచ్చేస్తాను.

ప్రశ్న: ఒకే తొట్టిలో లెదర్లు, అక్రోపోరా అనే గట్టి పగడం కలిపి పెంచుతున్నాను. ఒకదాన్నొకటి తాకకుండా 20 సెంటీమీటర్ల దూరం ఉంచాను. అయినా అక్రోపోరా కొనలు ఎదగడం లేదు.

జవాబు: మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అంటారు. సముద్రంలో ఆ సామెత చెల్లదు. ముల్లు లేదు, పరుగు లేదు, గట్టి అస్థిపంజరం లేదు, కండలో సున్నపు నలుసులు తప్ప. అలాంటి జీవి కోట్ల ఏళ్లుగా ఎలా నెగ్గుకొచ్చింది? రసాయనాలతో. లెదర్లు టెర్పీన్ జాతి పదార్థాలు తయారుచేసి నీటిలోకి వదులుతాయి. కొన్ని మెత్తని పగడాలు తాకకుండానే పక్కనున్న గట్టి పగడాల కణజాలాన్ని చంపుతాయని గ్రేట్ బారియర్ రీఫ్‌లో 1980లలోనే ప్రయోగాలు చేసి చూపించారు. అక్కడ ఆ విషం సముద్రమంతటికీ పలచబడుతుంది. మీ తొట్టిలో అదే నీరు తిరిగి తిరిగి అక్రోపోరా దగ్గరికే వస్తుంది. 20 సెంటీమీటర్లు ఉన్నా రెండు మీటర్లు ఉన్నా ఒకటే.

యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి. నీరు దానిగుండా దూసుకుపోయేలా ఉండాలి, సంచిలో పెట్టి ఒక మూలన పడేస్తే పనిచేయదు. వాడేముందు నల్లని పొడి పోయేదాకా కడగండి, మూడు వారాలకోసారి మార్చండి. వారానికి పదో వంతు నీరు మార్చండి. ఇదంతా చేసినా అక్రోపోరా నిలదొక్కుకుంటుందని మాట ఇవ్వలేను. ఒక ఒరలో రెండు కత్తులు పెట్టుకున్నారు, ఏదో ఒకరోజు ఒకటి ఎంచుకోక తప్పదు. నేనైతే లెదర్ వైపే ఉంటాను, నా పక్షపాతం మీకు తెలిసిందే.

ప్రశ్న: నా లెదర్ లైటును తాకేంత పెరిగింది. కోసి ముక్క చేయాలని ఉంది, చేయి రావడం లేదు. ఎలా కోయాలి?

జవాబు: హెడ్మాస్టరు తలను మొదటిసారి కోసినరోజు నాకూ చేయి వణికింది. పైగా తొట్టిలోనే కోశాను. పాలలాంటి ద్రవం నీటిలో కలిసింది, కార్బన్ పెట్టడం మరిచాను, నాలుగు రోజులు తొట్టిలో ఒక్క పాలిప్ తెరుచుకోలేదు. మీరు ఆ తప్పు చేయకండి.

పగడం ఆరోగ్యంగా, పూర్తిగా విచ్చుకుని ఉన్న వారాన్ని ఎంచుకోండి. కుబుసం విడుస్తుంటే ఆగండి. తొట్టి నీటితో రెండు గిన్నెలు నింపండి, ఒకటి కోయడానికి, ఒకటి కడగడానికి. గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి. పగడాన్ని రాయితో సహా బయటికి తీసి, నీరంతా వదిలి ముడుచుకునేదాకా ఒక నిమిషం ఆగండి. కొత్త బ్లేడుతో ఒకే కోతగా కోయండి. రంపంలా అటూ ఇటూ లాగితే గాయం చింపిరిగా మారి మానడం ఆలస్యమవుతుంది. తల అంచు నుంచి ముక్క తీయవచ్చు. మొత్తం తలను కాడ పైభాగాన కోసినా సరే, ఆ కాడ మీద కొన్ని నెలల్లో కొత్త తల వస్తుంది. రెండు ముక్కలనూ రెండో గిన్నెలో బాగా జాడించి, జిగురు పోయాకే తొట్టిలో పెట్టండి. ఆ గిన్నెల నీరు తొట్టిలో పోయకండి.

ముక్కను రాయికి జిగురుతో అంటించాలని చూస్తారు అందరూ. అంటదు. ఒంటి నిండా జిగట ఉన్నదానికి సూపర్ గ్లూ ఎంతసేపు నిలుస్తుంది? ముక్కను గరుకు రాయి మీద పెట్టి, మీద పలుచని వల కప్పి, రబ్బరు బ్యాండుతో వదులుగా కట్టండి. గట్టిగా బిగిస్తే బ్యాండు కండను కోసుకుంటూ పోతుంది. నెమ్మదైన ప్రవాహంలో, కాస్త తక్కువ వెలుతురులో ఉంచండి. కొత్త కార్బన్ అదే రోజు పెట్టండి. రెండు వారాల దాకా వల విప్పవద్దు. మధ్యలో ఒక ఉదయం వల కింద ఖాళీ రాయి కనిపిస్తే కంగారుపడకుండా పంపు వెనక, రాళ్ల సందుల్లో వెతకండి. నాది ఓవర్‌ఫ్లో పెట్టెలో దొరికింది, అప్పటికే ప్లాస్టిక్ గోడను పట్టుకుని నాలుగు పాలిప్స్ తెరిచింది.